బోడగుట్ట తోడేళ్ళు

నాంపల్లి, హైదరాబాద్
6 జనవరి 1952

బీరయ్య బావకు రాజమల్లు దండాలు.

నేను, మా ఇంటిది యాదవ్వ క్షేమం. నువ్వు, మా పోశవ్వక్క, మంద అంతా క్షేమమని తలుస్తాను అని రాయాలి గానీ, మంద క్షేమంగా లేదని నీ కార్డే చెబుతోంది. "రెండు గొర్రెలు తోడేళ్ళ పాలయినయి, రెండూ నీవే" అని ఒక్క ముక్క రాసి, మిగిలిన కార్డంతా జొన్నచేను సంగతులతో నింపావు. నా గొర్రెల్ని నీ మందలో కలిపి ఆరేళ్ళయింది. బోడగుట్ట మీది ఆ జంటకు నా గొర్రెలే ఎందుకు నచ్చుతాయో అడిగి చెప్పు. వాటితో నీకు మాటలున్నట్టే ఉన్నాయి.

ఇది నవ్వులాట కాదు బావా. జాగీర్దారు షికారుకు పోతే ముందు నడిచినవాడివి నువ్వు. చిరుతపులి పొదలోంచి మీదికి వస్తుంటే కాలు కదపకుండా నిలబడ్డవాడివి. నీ ఇంట్లో లైసెన్సున్న తుపాకి ఉంది, పోయిన దసరాకు నేనే దాన్ని బాగుచేసి ఇచ్చాను. ఇంత ఉండి, ఇంటి వెనక గుట్టలో తోడేళ్ళు పిల్లల్ని పెడుతుంటే చూస్తూ ఊరుకునే షికారిని నేనెక్కడా చూడలేదు.

నేను పనిచేసే ఆబిడ్స్ తుపాకుల దుకాణంలో సాయంత్రమైతే షికారీలదే కచేరీ. నిన్న శ్యామ్‌సుందర్ వకీలు గారు తన తుపాకి తుడిపించుకోవడానికి వచ్చి నీ సంగతి విన్నారు. "అరే రాజమల్లూ, పులికి ఒక ఇజ్జత్ ఉంటది. కడుపు నిండితే తన తొవ్వన తను పోతది. తోడేలుకు గది లేదు, తినేదానికన్న చంపేది ఎక్కువ. మీ బావకు జర చెప్పు" అన్నారు. మూల బల్ల మీద కూర్చున్న ముసలి జమేదార్ సాహెబు మాత్రం, పిల్లలున్న ఆడతోడేలును కొట్టే చెయ్యి షికారీ చెయ్యి కాదన్నాడు. ఇద్దరూ చాయ్ చల్లారేదాకా కొట్లాడుకున్నారు. నేను వకీలు గారి వైపే.

మీ ఊరి బిచ్చయ్య ఉస్మాన్‌గంజ్‌లో ఉన్ని మూటలు దించి తిరిగి వస్తున్నాడు. అతని చేతికి అక్క కోసం తలనొప్పి మందు ఇచ్చాను. ఎట్లా వాడాలో అతను నోటితో చెబుతాడు. ఆడవాళ్ళ మందు, నువ్వు ముట్టుకోకు.

ఇట్లు
నీ బామ్మర్ది రాజమల్లు

ఎర్రకుంట
15 జనవరి 1952

బామ్మర్ది రాజమల్లుకు, చెల్లె యాదవ్వకు బీరయ్య దీవెనలు.

నీ ఉత్తరం మీ అక్కకు చదివి వినిపించాను. ఆమెకు అక్షరాలు రావు కాబట్టి నేను దాటేసినా తెలియదు. అయినా నువ్వు నన్ను అన్నవన్నీ వరుసగా చదివాను. బాగా నవ్వింది. తలనొప్పి మందు దగ్గరికి వచ్చేసరికి దూడను కట్టేయాలని లేచిపోయింది. ఆమెకు తలనొప్పి ఉన్నట్టు నాకే తెలియదు, నీకెట్లా తెలిసిందో.

పోయిన రెండు గొర్రెలూ నీవే కావడం నా తప్పు కాదు. ఒకటి కుంటిది, ఒకటి మందకు ఎప్పుడూ వంద అడుగులు వెనక నడిచేది. పట్నం వాడి గొర్రెలకు తొందర తక్కువ.

మా తాతల నాటి పద్ధతి ఒకటి నీకు చెప్పలేదు. ఏటా పుట్టిన గొర్రెపిల్లలకు చెవి కోసి గుర్తు పెడతాం కదా, ఒక్క పిల్లకు మాత్రం కోత పెట్టకుండా వదిలేస్తాం. అది తోడేలుది. దాన్ని అమ్మం, పండుగకు కూడా కోయం. తోడేలు పట్టుకుపోతే పోతుంది, లేకుంటే ముసలిదై చస్తుంది. తోడేలు చెవులు చూసి పట్టదని నాకూ తెలుసు. ఆ గుర్తు దానికి కాదు, మాకు. పోయేది ఒకటి ఉందని ముందే అనుకుంటే, పోయిన రోజున ఒళ్ళు మరిచి పరిగెత్తం.

వకీలు గారు తోడేలును తుపాకి కొసన చూశారు. నేను ఇరవై ఏళ్ళుగా మంద పక్కన చూస్తున్నాను. ఈ జంటకు నా కుక్కలు తెలుసు, నా దగ్గు తెలుసు. ఎక్కువగా కుందేళ్ళు, జింక పిల్లలు తింటాయి. ఆ గుట్ట తమదని అవి అనుకుంటాయి, ఇంకో తోడేలును రానివ్వవు. పక్క ఊళ్ళో మూడేళ్ళ కింద షికారీలు అక్కడి జంటను కొట్టి ఫోటో దిగి పోయారు. మరుసటి చలికాలం ఎక్కడివో ఐదు తోడేళ్ళు దిగి, దొడ్ల కంపలు దూకి లోపలే చంపాయి. ఉన్నదాన్ని చంపితే ఖాళీ ఉండదు రాజమల్లూ, కొత్తది వస్తుంది. దానికి నా దగ్గు తెలియదు.

ఈసారి నా కుంటి గొర్రె ఒకటి నీ పేరున కలుపుతాను, కోపం తగ్గించుకో.

ఇట్లు
బీరయ్య

నాంపల్లి
24 జనవరి 1952

బావకు దండాలు.

నీ పద్ధతి విన్నాను. ఒకటి అడుగుతాను, జవాబు రాయి. మా ఇంట్లో ఏ గొర్రెపిల్లను వదలలేదని మా చెల్లె నర్సవ్వను తోడేలు తీసుకుపోయింది?

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు, అక్కకు పన్నెండు. దొడ్డి పక్కన గొంగడి పరిచి మూడేళ్ళ పిల్లను అక్కకు అప్పజెప్పి అమ్మ నీళ్ళకు పోయింది. మేక ఈనుతుంటే చూద్దామని నేనే అక్కను పిలిచాను. మేం వెనక్కి వచ్చేసరికి గొంగడి ఉంది, పిల్ల లేదు. మూడో రోజు ఒక కాలి కడియం దొరికింది. నువ్వప్పటికి మా ఇంటి అల్లుడివి కాదు కాబట్టి తోడేలును గురించి ఇంత నిదానంగా రాయగలవు.

తోడేలు గుట్టకు కాపలా అంటున్నావు. నాకు అది తోడేలే. నువ్వు కొట్టకపోతే ఇంకెవరైనా కొడతారు, ఇంకో విధంగానైనా కొడతారు.

ఇక్కడ ఎలక్షన్ల మైకుల మోతలో నా కోపం ఎవరికీ వినపడదు. అందుకే నీకు రాశాను.

రాజమల్లు

ఎర్రకుంట
9 ఫిబ్రవరి 1952

రాజమల్లుకు దీవెనలు.

నర్సవ్వ ముక్క మీ అక్కకు చదవలేదు. ఉత్తరంలో ఒక మాట దాటేయడం ఇదే మొదటిసారి.

అది ఏ సంవత్సరమో గుర్తు చేసుకో. కరువు. దానికి ముందు ఏడాది జాగీర్దారు చుట్టాలు వచ్చి పదిహేను రోజులు జింకల్ని కొట్టారు. బండ్ల మీద తీసుకుపోయారు, మిగిలినవి కుళ్ళాయి. కంపల్లోంచి జింకల్ని తోలడానికి డప్పు కొట్టినవాళ్ళలో నేనున్నాను. తినడానికి ఏమీ మిగలని గుట్టలోంచి ఆ తోడేలు మీ దొడ్డికి వచ్చింది. పెళ్ళయ్యాక ఈ సంగతి మీ అక్కకు చెప్పాను. నీకు చెప్పే ధైర్యం ఇప్పటిదాకా రాలేదు. తోడేలు మీదికి తుపాకి ఎత్తవెందుకని అడిగావు కదా, అందుకు.

ఇక నీ కోరిక తీరింది. ఆడతోడేలు చచ్చింది. పోయిన సోమవారం వాగు దగ్గర. కళేబరాన్ని నేనే కట్టెలు పేర్చి కాల్చేశాను. నా చేతికి కొద్దిగా గీసుకుపోయింది, పసుపు పెట్టాను. ఫికర్ చేయాల్సింది ఏమీ లేదు.

బీరయ్య

నాంపల్లి
16 ఫిబ్రవరి 1952

బావా,

దండాలు, క్షేమాలు తర్వాత. నిన్న బిచ్చయ్య ఉన్ని తెచ్చి మా ఇంటికి వచ్చాడు. గీసుకుపోయిందని నువ్వు రాసిన చేతిని తోడేలు కరిచిందని, నాలుగు పళ్ళు దిగాయని చెప్పాడు. "ఎండపొద్దు వాగుకాడ తూలుకుంట తిరిగింది. నోట్ల నురగ. మనిషిని చూసి ఉరకలే. బీరయ్య గొంగడి చేతికి చుట్టుకొని కట్టెతోని పోయిండు, ఎగిరి పట్టింది. కుక్క అడ్డం బడకపోతే మెడకే వచ్చేది. జర సేపటికి అక్కడ్నే కూలి సచ్చింది" అన్నాడు.

పొద్దున్నే దుకాణానికి పోకుండా దవాఖానకు పోయాను. పిచ్చి జంతువులు కరిచినవాళ్ళను చూసే డాక్టరు అన్నీ అడిగాడు. పగటిపూట వచ్చిందా, మనిషంటే భయపడిందా, నడక ఎట్లా ఉంది అని. నేను బిచ్చయ్య చెప్పినట్టే చెప్పాను. "తల ఉందా? తల ఉంటే పరీక్ష చేసి చెప్పొచ్చు" అన్నాడు. కాల్చేశారని చెప్పాను. ఆయన పెన్ను కింద పెట్టి, అయితే పిచ్చిదనుకునే నడుచుకోవాలన్నాడు. బొడ్డు చుట్టూ పద్నాలుగు రోజులు పద్నాలుగు సూదులు. వెంటనే మొదలుపెట్టాలి. ఒకసారి పిచ్చి బయటపడిందంటే ఇక ఏ మందూ లేదు.

ఈరోజుకు పన్నెండు రోజులు బావా. జడ్చర్లలో బండెక్కి కాచిగూడలో దిగు, నేను ప్లాట్‌ఫారం మీద ఉంటాను. సూదులు నొస్తాయని విని ఆగకు. నిన్ను దవాఖానలో పడుకోబెట్టరు, మా ఇంటి నుంచి నడిచిపోయి రావచ్చు. యాదవ్వ నీకు పక్క కూడా వేసి పెట్టింది.

నేను పంతం పట్టి వాదించినవన్నీ వదిలేస్తున్నాను. నువ్వు రా.

రాజమల్లు

ఎర్రకుంట
21 ఫిబ్రవరి 1952

రాజమల్లుకు,

నీ ఆదుర్దా చూసి మనసు కరిగింది. కానీ నేను రాను.

ఆ తోడేలుకు పిచ్చి లేదు. అది ఎట్లా చచ్చిందో నాకు తెలుసు. ఎట్లా తెలుసని అడగకు. ఆలోచిస్తే నీకూ తెలుస్తుంది. ఇంట్లో ఆడమనిషిని నేను ఆ సంగతి అడగలేదు, అడగను. ఆమె పోగొట్టుకున్నదాని ముందు ఒక తోడేలు ఎంత. నీ మీద కూడా నాకు కోపం లేదు. ఉండి ఉంటే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు.

పుండు మానింది. మంద మేపుతున్నాను. నువ్వు పని మానుకుని ఇక్కడికి రావద్దు.

బీరయ్య

నాంపల్లి
25 ఫిబ్రవరి 1952

బావా,

ఈ ఉత్తరం అక్కను పక్కన కూర్చోబెట్టుకుని చదువు. ఒక్క అక్షరం కూడా దాటేయకు.

బిచ్చయ్య చేత పంపింది తలనొప్పి మందు కాదు. కుచ్లా పొడి, విషం. ఉస్మాన్‌గంజ్‌లో మూలికలమ్మే పన్సారీ దుకాణంలో కొన్నాను. చచ్చిన గొర్రె మాంసంలో కలిపి గుట్ట మీద పెట్టమని, నీకు చెప్పొద్దని అక్కకు చెప్పించాను. నర్సవ్వ పేరు చెప్పించాను. నువ్వు తుపాకి ఎత్తవని తెలిసి, నీ ఇంట్లోనే నీకు తెలియకుండా ఈ పని చేశాను. ఏ షికారీ చేయని పని. ఇన్నాళ్ళూ అక్కను అడుగుదామంటే నా ఉత్తరం చదివేది నువ్వే. అడగలేకపోయాను.

నువ్వు ఇది పసిగట్టావని నీ ఉత్తరంతో అర్థమైంది. విషం తిన్న తోడేలు తూలింది, నురగ కక్కింది, కాబట్టి పిచ్చి కాదని నీ ధైర్యం. అదే నిజం కావాలని నేనూ మొక్కుకుంటున్నాను. అదే నిజమైతే నేను ద్రోహిని, నువ్వు బతుకుతావు. నాకు ఆ లెక్క చాలు. కానీ అక్క ఆ విషం పెట్టిందో లేదో నీకూ తెలియదు, నాకూ తెలియదు. డాక్టరుకు మొత్తం చెప్పాను. "విషం పెట్టినట్టు ఎవరైనా కళ్ళతో చూసిన్రా?" అన్నాడు.

అక్కను అడుగు. పెట్టిందా, ఏ రోజు పెట్టింది, ఎక్కడ పెట్టింది. పెట్టకపోతే ఆ గడియలోనే బయలుదేరు.

నిన్న ఆదివారం కాచిగూడకు పోయి టికెట్ కొన్నాను. బండి కదిలేదాకా ప్లాట్‌ఫారం మీద నిలబడి మళ్ళీ ఇంటికే వచ్చాను. నీ ముఖం చూసి ఈ మాట చెప్పలేక. నీ ప్రాణం కన్నా నా సిగ్గు ఎక్కువైంది. శనివారందాకా నీ జవాబు రాకపోతే ఆదివారం వస్తాను, ఈసారి బండెక్కుతాను.

రాజమల్లు

ఎర్రకుంట
29 ఫిబ్రవరి 1952

రాజమల్లుకు,

ఈ ఉత్తరం బిచ్చయ్య ఇప్పుడే బండికి తెస్తున్నాడు. మంద అప్పజెప్పి రేపు పొద్దుటి బండికి నేను, మీ అక్క బయలుదేరుతున్నాం. కాచిగూడకు రా.

నీ ఉత్తరం మొత్తం చదివాను. మీ అక్క పొయ్యిలో కట్టె తోస్తూ వింది. "వాడు పంపింది ఏడ పెట్టినవ్?" అని అడిగాను.

"ఏడ పెడతా. బిచ్చయ్య ఇచ్చిన నాడే పెంటకుప్ప ఎనక లోతుగ గుంత తవ్వి పూడ్చిన. పొట్లం మీద చుట్టిన రెండో కాగితం మంచిగుందని పసుపుకొమ్ములు కట్టిన" అంది.

కరిచిన నాడు ఇంటికి వచ్చి పసుపు వెతికితే నాకు దొరికింది ఆ కాగితమే. పన్సారీ దుకాణం ముద్ర, దాని మీద ఉర్దూలో కుచ్లా అని పెన్సిలు రాత. పొడి లేదు, కాగితం ఉంది. పొడి ఎక్కడికి పోయిందో నేనే అనుకున్నాను, అడగలేదు. వేరే ఏ జంతువూ ఆ విషపు మాంసం తినకూడదని తెల్లవారి పోయి కళేబరాన్ని కాల్చేశాను. డాక్టరు అడిగిన తల అట్లా పోయింది.

"నర్సవ్వ యాదికి రాలేదా?" అన్నాను. నీ ఉత్తరంలో కాక ఆ పేరు ఇంట్లో ఎత్తడం చాలా ఏళ్ళకు.

"రాకుండ ఎట్లుంటది. రోజు యాదికొస్తది. అయితే గా మాంసం తోడేలొక్కటే తింటదా? మన కుక్కలు తినవా, గుట్టకు కట్టెలకు పోయేటోళ్ళ పిల్లలు ముట్టరా? నా చేతులకెళ్ళి ఒక పిల్ల పోయింది. ఇంకోటి పోనియ్య" అంది. మళ్ళీ పొయ్యిలో కట్టె తోసి, "తమ్ముడు ఆశతోని పంపిండు, పూడ్చిన అని ఎట్ల చెప్పాలె. గందుకే ఊకున్న" అంది.

ముగ్గురం ఒకరి మనసు ఒకరు నొప్పించొద్దని ఊరుకున్నాం. ఈరోజుకు ఇరవై అయిదు రోజులు.

ఇంకొకటి. నాకు అడ్డం పడి కాటు తిన్న కుక్క మూడు రోజులుగా తిండి ముట్టలేదు. కట్టేసిన గుంజను కొరికింది. పొద్దున చచ్చిపోయింది. అది ఏ విషమూ తినలేదు.

నాకు భయమేస్తోంది రాజమల్లూ. ఇది మీ అక్కకు చదివి వినిపించలేదు.

బీరయ్య

నాంపల్లి
4 మే 1952

బావకు రాజమల్లు దండాలు.

నిన్ను తోడేలు కరిచి నేటికి సరిగ్గా మూడు నెలలు. డాక్టరు దగ్గరికి పోయి అడిగాను. చాలామందికి పిచ్చి మూడు నెలల్లోపే బయటపడుతుంది, దాటడం మంచి గుర్తేనన్నాడు. ఇక భయం లేదని రాసుకోవచ్చా అంటే, కొందరికి ఏడాది కూడా పట్టొచ్చు, సూదులు ఆలస్యంగా మొదలయ్యాయి కదా అన్నాడు. మొజంజాహీ మార్కెట్ దాకా నడుస్తూ ఆయన ముందు చెప్పిన మాటనే పట్టుకున్నాను. ఇంటికి చేరేసరికి రెండో మాటే మిగిలింది.

పద్నాలుగు రోజులు మా ఇంట్లో ఉండి, పొట్ట రాయిలా గట్టిపడి నడవలేకపోతున్నా నన్ను ఒక్క మాట అనలేదు నువ్వు. నా చెయ్యి పట్టుకునే దవాఖాన మెట్లెక్కావు. తిట్టి ఉంటే నాకు సులువయ్యేది.

మిగిలిన మగతోడేలును కొట్టాలని మీ ఊళ్ళో మాట్లాడుకుంటున్నారని బిచ్చయ్య చెప్పాడు. దుకాణంలో వకీలు గారిది పాత మాటే. జమేదార్ సాహెబు కూడా ఈసారి గట్టిగా కాదనలేకపోయాడు. నన్ను అడిగితే నాకు తెలియదన్నాను. తొమ్మిదేళ్ళప్పటి నుంచి ప్రతి తోడేలు సంగతీ నాకు తెలుసనుకున్నవాణ్ణి. నువ్వేం చేస్తావో రాయి. ఏం చేసినా నీతో ఉంటాను.

ఇట్లు
రాజమల్లు

ఎర్రకుంట
18 మే 1952

బామ్మర్ది రాజమల్లుకు, చెల్లె యాదవ్వకు బీరయ్య దీవెనలు.

ఊరివాళ్ళు మగదాన్ని కొట్టమని నా దగ్గరికే వచ్చారు. కాదనలేదు. ఆ ఆడదానితో ఒకే బొరియలో పడుకున్నది అది. దాన్ని ఆ ఆడది కరిచిందో లేదో ఎవరూ చూడలేదు. పిచ్చే ఉంటే గుట్ట దానిదని, దానికి నా దగ్గు తెలుసని నేను కబుర్లు చెబుతూ కూర్చోలేను. అప్పుడు నువ్వు చెప్పిందే చేయాలి. పిచ్చి లేకపోతే, దాన్ని చంపి ఇంకో ఐదింటిని పిలిచినవాణ్ణవుతాను. చూసి గానీ కొట్టనన్నాను. పది రోజుల గడువిచ్చారు.

తుపాకి నింపుకుని వాగు మడుగు పక్కన కంపల్లో తొమ్మిది సాయంత్రాలు కూర్చున్నాను. ఎండలకు ఇంకెక్కడా నీళ్ళు లేవు, తాగాలంటే అక్కడికే రావాలి. పిచ్చి పట్టినదానికి నీళ్ళు గొంతు దిగవు. మనిషికైతే నీళ్ళు చూస్తేనే గొంతు పట్టేస్తుందని డాక్టరు నీతో మెల్లగా చెప్పడం నేను విన్నాను. బల్ల మీద కళ్ళు మూసుకున్నాను గానీ నిద్రపోలేదు.

మీ అక్క కూడా విన్నట్టుంది. పట్నం నుంచి వచ్చిన నాటి నుంచి పొద్దున్నే చెంబుతో నీళ్ళు తెచ్చి నా చేతికిస్తుంది. ఇచ్చి పోదు, నిలబడుతుంది. దాహం లేదన్నా కదలదు. నేను తాగి చెంబు కింద పెట్టాకే పొయ్యి దగ్గరికి పోతుంది. చెంబు చేతిలోకి తీసుకునే ముందు ప్రతి రోజూ పంచె సర్దుకునే నెపంతో కాస్త ఆగుతాను.

నిన్న తొమ్మిదో సాయంత్రం అది వచ్చింది. బాగా చిక్కిపోయింది. వెనక రెండు పిల్లలు. అవి ఆగకుండా మూతులు నీళ్ళలో పెట్టేశాయి. అది మాత్రం ముందు కాళ్ళు తడిలో పెట్టి నిలబడింది. గాలి నా వైపు నుంచి పోతోంది, నేనున్నట్టు దానికి తెలుసు. నా వేలు మీట మీద ఉంది. తాగవే, తాగు అని లోపల అనుకున్నాను. నా కోసం అడుగుతున్నానో, దాని కోసం అడుగుతున్నానో తెలియలేదు.

తల వంచి తాగింది. ఆగి నా వైపు చూసి మళ్ళీ తాగింది. చాలాసేపు తాగింది రాజమల్లూ.

తుపాకిలోంచి మందు తీసేసి ఇంటికి వచ్చాను. "తాగింది" అన్నాను. పొద్దుటి వేళ కాకపోయినా మీ అక్క చెంబు నింపి తెచ్చి, నా చేతికిచ్చి నిలబడింది.

తాగాను.

బీరయ్య